నిప్పురాజ్యానికి వారసుడు

మేస్త్రి బావమరిది నెత్తిన నీళ్ళు పడినప్పుడు ముందు అందరూ నవ్వారు.

నవ్వక ఏం చేస్తారు? అప్పుడే వాడు నిప్పురాజ్యానికి రాజు హోదాలో చెయ్యెత్తి, "మా ఆజ్ఞ లేనిదే మేఘం కూడా కురవడానికి వీల్లేదు" అన్నాడు. ఆ మాట నోట్లో ఉండగానే పైనున్న కూలింగ్ యంత్రం పైపు కీలు ఊడి, బకెట్ల కొద్దీ నీళ్ళు వాడి నడినెత్తిన కుమ్మరించినట్టు పడ్డాయి. చేపల పెట్టె మోస్తున్న పిన్ని, పెట్టె కింద పెట్టి మరీ నవ్వింది.

"ప్రజల ఉసురు ఊరికే పోదు మహారాజా" అంది.

మేస్త్రి కూడా నవ్వాడు. నవ్వుతూనే బావమరిది కోటు అంచు వైపు చూశాడు. జారుతున్న నీళ్ళు జారుతున్న చోటే తెల్లగా గడ్డకడుతున్నాయి. అతని నవ్వు ఆగిపోయింది.

అది చేపల్ని గడ్డకట్టించి దాచే గది. రెండు స్వెట్టర్లు, మీద దళసరి కోటు, అన్నీ పొడిగా ఉంటేనే మనిషి అందులో ఒక పూట పనిచేయగలడు. నిలువెల్లా తడిసినవాడు గంట బతికితే గొప్ప. ఆ గదిలోనే జుట్టు నెరిసిన మేస్త్రికి ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

"నవ్వులాటలు తర్వాత. పద బయటికి" అని బావమరిది రెక్క పట్టుకుని తలుపు దగ్గరికి లాక్కెళ్ళాడు. లోపలివైపు తలుపుకి ఒక ఇనుప గుబ్బ ఉంటుంది. దాన్ని గట్టిగా నొక్కితే బయట గడియ లేస్తుంది. మేస్త్రి నొక్కాడు. లేవలేదు. భుజం ఆనించి నెట్టాడు. గుబ్బ పుటుక్కున విరిగి చేతిలోకి వచ్చింది.

అది వదులైందని మేనేజరుకి చెప్పి చెప్పి అతని నోరు నొప్పెట్టింది. ఇప్పుడు గుబ్బ ఉన్నచోట వేలు కూడా దూరని బొక్క మిగిలింది.

"ఏంటి బావా, తలుపు పీకి ఇంటికి పట్టుకెళ్తావా?" అన్నాడు బావమరిది. వాడి పళ్ళు అప్పటికే టకటకా కొట్టుకుంటున్నాయి.

మేస్త్రి తలెత్తి తలుపు పైనున్న మైకు వైపు అరిచాడు. "తాతా, తలుపు తీయి. గుబ్బ విరిగిపోయింది. మావాడు తడిసిపోయాడు. తొందరగా తీయి."

ఏమీ జరగలేదు.

ఆ మైకుకి ఒక కథ ఉంది. కొన్నేళ్ళ కిందట ఈ గదిలో ఒక కూలీ చలికి మత్తెక్కి పెట్టెల వెనక కూలబడితే, మనిషి కనపడటం లేదన్న సంగతే సాయంత్రం దాకా ఎవరికీ తట్టలేదు. అప్పటినుంచి ఒక పద్ధతి పెట్టారు. లోపల పనిచేసేవాళ్ళు మాట్లాడుతూనే ఉండాలి. ఆ మాటలు బయట కాపలా తాత బల్ల మీదున్న డబ్బాలో వినిపిస్తాయి. ఆయన మాటలు మాత్రం లోపలికి రావు. మాటలు ఆగిపోయి, ఒక గ్లాసు టీ తాగేంతసేపటికి కూడా మళ్ళీ వినపడకపోతే ఆయన తలుపు తీసి చూడాలి.

పూటంతా ఏం మాట్లాడతారు? మొదట్లో పాటలు పాడుకున్నారు. పిన్ని పాట వింటే చచ్చిన చేపలు లేచి పారిపోతాయని బావమరిది అన్నాక ఆమె అలిగి మానేసింది. తర్వాత ఇంటి గొడవలు చెప్పుకున్నారు. అవి డబ్బాలోంచి ఫ్యాక్టరీ అంతా పాకాక అవీ ఆగాయి. ఆఖరికి కథ మిగిలింది.

ముగ్గురూ తలా ఒక మాటా వేసి అల్లుకున్న కథ. చలిలో బతికేవాళ్ళు కాబట్టి రాజ్యానికి నిప్పు పేరు పెట్టుకున్నారు. అక్కడ నదుల్లో వేడినీళ్ళు పారతాయి. చేలల్లో దీపాలు పండుతాయి. బావమరిది రాజు, మేస్త్రి మంత్రి. పిన్ని కుమ్మరుల నాయకురాలు, అంటే ప్రజలన్నమాట. ఈ కథకి ఉన్నది ఒకే నియమం. ఒకరి నోట్లోంచి వచ్చిన మాట రాజ్యంలో జరిగిపోయినట్టే. అన్నవాళ్ళు వెనక్కి తీసుకోకూడదు, విన్నవాళ్ళు కొట్టేయకూడదు.

రాజు వేలికి నిప్పుకణిక ఉంగరం ఉంటుంది. దాన్ని తీసి ఎవరి అరచేతిలో పెడితే వాళ్ళే తర్వాతి రాజు. పెట్టిన మరుక్షణం పాత రాజు బూడిదైపోతాడు. ఈ పద్ధతి పిన్నికి మొదటినుంచీ గిట్టదు. ఒకడి వేలినుంచి ఇంకొకడి చేతికి పోవడానికి రాజ్యం ఏమన్నా తాళంచెవా అంటుంది. ప్రజలు సభ పెట్టుకోవాలి, రాజు ప్రతి పనికీ సభకి జవాబు చెప్పాలి, వారసుణ్ణి సభే ఎన్నుకోవాలి అని నెలల తరబడి పోరుతోంది. రాజు "చూద్దాం" అంటాడు. "మీ చూద్దాంలో మా కుండలన్నీ పగిలిపోయాయి" అంటుంది పిన్ని.

బయట కాపలా తాత ఈ కథంటే చెవి కోసుకుంటాడు. మర్నాడు పొద్దున్నే గేటు దగ్గర నిలబెట్టి, "ఆ సేనాపతి ద్రోహం చేస్తాడని నాకు ముందే తెలుసు" అంటూ మొదలుపెడతాడు.

ఇప్పుడు మేస్త్రి రెండు పిడికిళ్ళతో తలుపు మీద బాదాడు. జానెడు మందం తలుపు, ఇనుప రేకు లోపల స్పాంజి. చప్పుడు మైకులోంచి పోవలసిందే తప్ప బయటికి వెళ్ళదు. "ఇది కథ కాదు తాతా. నిజంగా చచ్చిపోతున్నాడు. తలుపు తీయి."

వెనకనుంచి పిన్ని గొంతు నెమ్మదిగా వచ్చింది. "మేస్త్రీ, పొద్దున ఏం చెప్పుకున్నాం?"

మేస్త్రి పిడికిలి గాల్లోనే ఆగిపోయింది.

పొద్దున కథలో శత్రువులు కోట తలుపులు బయటినుంచి బిగించేశారు. తలుపులు తీయండి, చలికి చచ్చిపోతున్నాం అని మంత్రి అరిచాడు. యుద్ధభేరి కోసం బావమరిది ఇదే తలుపు మీద గుద్దాడు. కిందటి వానాకాలంలో అయితే ఇంకా ఘోరం. "ఇది కథ కాదు తాతా, నిజంగానే ఇరుక్కున్నాం" అని బావమరిది ఏడుపుగొంతుతో అరిస్తే, ముసలాయన సైరన్ మోగించి తలుపు బార్లా తీశాడు. లోపల ముగ్గురూ పడీపడీ నవ్వుతున్నారు. ఆ సైరన్‌కి మేనేజరు పరిగెత్తుకొచ్చి అందరి ముందూ తాతని నానా మాటలూ అన్నాడు. ఇంకోసారి ఊరికే తలుపు తీస్తే ఇంటికి పొమ్మన్నాడు. ఆ సాయంత్రం తాత వీళ్ళతో ఒకటే మాట అన్నాడు. "మీరు అరిచి చచ్చినా నేను లేవను బాబూ. నోళ్ళు మూతపడితేనే లేస్తాను."

అంటే ఇప్పుడు తాత డబ్బా ముందు చెంప కింద చెయ్యి పెట్టుకుని, మంత్రి ఎంత బాగా ఏడుస్తున్నాడో అనుకుంటూ వింటున్నాడు.

పని ముగిసే గంట సాయంత్రానికి గానీ కొట్టరు. ఇప్పుడింకా అన్నాలు తిని లోపలికి వచ్చి ఎంతోసేపు కాలేదు. ఫోన్లు బయట అల్మారాలో ఉన్నాయి.

"ముందు వీడి బట్టలు ఊడదీద్దాం" అన్నాడు మేస్త్రి.

తడి కోటు అప్పటికే రేకులా బిగుసుకుపోయింది. ఇద్దరూ కలిసి దాన్ని విరిచినట్టుగా ఊడదీసి, లోపలి తడి స్వెట్టర్లూ లాగేశారు. మేస్త్రి తన కోటు వాడికి తొడిగాడు. పిన్ని తన శాలువా వాడి తలకి చుట్టి, అట్టపెట్టెలు చింపి కింద పరిచింది. గదిలో ఫ్యాన్ల గాలి తగలని చోటు తలుపు పక్క మూల ఒక్కటే. వాణ్ణి అక్కడ కూర్చోబెట్టి చెరోవైపూ ఒత్తుకుని కూర్చున్నారు.

"పిన్నీ, కాస్త ఎడంగా. మా ఆవిడ చూస్తే నా పని అయిపోతుంది" అన్నాడు బావమరిది.

"నీ అందానికి అదొక్కటే తక్కువ. నోరు ఆపకు. మాట్లాడు."

"ఏం మాట్లాడను?"

"రాజ్యం సంగతి మాట్లాడు" అన్నాడు మేస్త్రి. వాడు మాట్లాడినంతసేపు మెలకువగా ఉంటాడు. ఈ చలిలో నిద్రపోయినవాణ్ణి లేపడం ఎవరి తరమూ కాదు.

కాసేపు బాగానే సాగింది. రాజు కోట గోడలెక్కి శత్రువుల మీద మరిగే నూనె పోయించాడు. పిన్ని కుండలు సరఫరా చేసి, వాటికి బదులుగా సభ కావాలని బేరం పెట్టింది. రాజు "చూద్దాం" అన్నాడు. ఆ మాటకి పిన్ని ప్రాణం లేచొచ్చినట్టు నవ్వింది.

తర్వాత వాడి వణుకు ఆగిపోయింది.

"కాస్త సర్దుకుంటున్నాడు" అంది పిన్ని.

మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. వణుకుతున్న ఒళ్ళు ఇంకా పోరాడుతున్నట్టు. వణుకు మానేసిందంటే చేతులెత్తేసినట్టు.

"కుమ్మరి నాయకురాలా" అన్నాడు బావమరిది. మాట ముద్దముద్దగా వస్తోంది. "నువ్వు గెలిచావు. సభ పెట్టుకో. రాజ్యం మీదే. ఇక రాజు అక్కర్లేదు."

పిన్ని నెలల తరబడి అడిగినదంతా ఒక్క మాటలో చేతికొచ్చింది. నోట్లోంచి వచ్చిన మాట జరిగిపోయినట్టే అని నియమం. అంటే రాజు ఇక దిగిపోవచ్చు.

"వద్దు" అంది పిన్ని. "మాకొద్దు నీ సభ."

"ఇన్నాళ్ళూ నా ప్రాణం తోడేశావు కదా. ఇస్తుంటే వద్దంటావేంటి?"

"ఇవ్వడం నీ ఇష్టమా? సభ పెట్టావు కదా, ఇప్పుడు ఆ సభ అడుగుతోంది. జవాబు చెప్పు. వేడినీళ్ళ నదికి గట్టు ఎందుకు కట్టలేదు? దీపాల పంటకి తెగులొస్తే ఏం చేశావు? ప్రతి గడపకీ జవాబు చెప్పేదాకా రాజు గద్దె దిగకూడదు. ఇదే సభ చేసిన మొదటి చట్టం."

మేస్త్రి ఆమె వైపు చూశాడు. ఆమె చెంపల మీద కన్నీళ్ళు గీతలు గీతలుగా గడ్డకట్టి ఉన్నాయి.

"అమ్మో, ఎన్ని గడపలు" అన్నాడు బావమరిది. చిన్నగా నవ్వాడు. రెండు గడపలకి జవాబు చెప్పాడు. మూడోదాని దగ్గర మధ్యలో ఆగిపోయాడు. మేస్త్రి వాడి చెంప మీద కొట్టాడు. వాడు కళ్ళు తెరిచి కోటు గుండీలు విప్పుకోబోయాడు.

"ఉక్కగా ఉంది బావా. కోటు తీసెయ్."

చలికి చచ్చేవాళ్ళకి ఆఖర్న ఉక్క పోస్తుందని పాతవాళ్ళు చెప్పగా మేస్త్రి విన్నాడు. ఇంతవరకూ చూడలేదు. వాడి చేతులు రెండూ పట్టుకుని గుండీలు మళ్ళీ పెట్టాడు.

"చెయ్యి పట్టు" అన్నాడు బావమరిది. "ఉంగరం తీసేస్తున్నాను. నువ్వే వారసుడివి. చిన్నదాన్ని నీ దగ్గరే పెంచు. దానికి లెక్కలు రావు, కొట్టకు. అక్కకి చెప్పు..."

ఖాళీ వేలి మీదనుంచి లేని ఉంగరాన్ని లాగుతున్నాడు. మేస్త్రి రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు. కథలో ఆ చెయ్యి చాపితే చాలు, వీడు నిశ్చింతగా కళ్ళు మూసుకుంటాడు.

"నేను తీసుకోను. నీ కూతురు, నీ లెక్కలు. నువ్వే చూసుకో. మంత్రి రాజీనామా చేశాడు."

"బావా, చెయ్యి."

"చేతులు లేవు నాకు."

బావమరిది చిన్నపిల్లాడిలా ముఖం పెట్టాడు. మాట మాత్రం ఆపలేదు. గొణుగుతూనే ఉన్నాడు. ఆ గొణుగుడు వింటూ మేస్త్రి మైకు వైపు చూశాడు. అప్పుడు తెలిసింది, ఇందాకటినుంచి తాము చేస్తున్న పనేమిటో. వీణ్ణి బతికించడానికి మాట్లాడిస్తున్నారు. ఆ మాటలు ఉన్నంతకాలం తలుపు తెరుచుకోదు.

నోళ్ళు మూతపడితేనే లేస్తానన్నాడు తాత.

మైకు పగలగొడితే? లాభం లేదు. మంచు పట్టి అది తరచూ దానంతటదే పోతుంది. పోయినప్పుడల్లా బయట డబ్బా గుయ్యిమంటుంది. తాత దాని నెత్తిన ఒక మొట్టికాయ వేసి, బాగుచేసేవాడి కోసం కబురుపెట్టి కూర్చుంటాడు. మనుషులు మౌనంగా ఉంటే గుయ్యిమనదు. ఫ్యాన్ల హోరు మాత్రం వినిపిస్తుంది. తాతకి ఆ తేడా బాగా తెలుసు.

మేస్త్రి పిన్ని వైపు చూసి పెదవుల మీద వేలు పెట్టాడు. మైకు చూపించాడు. గ్లాసు ఎత్తి తాగుతున్నట్టు సైగ చేశాడు. ఆమెకి క్షణంలో అర్థమైంది. చీర కొంగు ఉండలా చుట్టి తన నోట్లో కుక్కుకుంది.

ఇద్దరూ ఆగిపోయారు. బావమరిది ఆగలేదు.

"నిప్పురాజ్యపు ప్రజలారా" అన్నాడు, కళ్ళు సగం మూసుకుని. సన్నటి గొంతే, కానీ మైకు కిందే కూర్చున్నాడు. "మీ మంత్రి మాట వినడం లేదు..."

మేస్త్రి వాడి చెవిలో ఊదాడు, బుగ్గ గిల్లాడు, తల ఊపాడు. వాడు ఈ లోకంలో లేడు. రాజ్యంలో ఉన్నాడు. దూరంగా తీసుకెళ్దామంటే అవతలంతా ఫ్యాన్ల గాలి, అందులో పెడితే తలుపు తెరిచేదాకా కూడా ఉండడు. బయట తాత డబ్బాకి ఇంకాస్త దగ్గరగా జరిగి కూర్చునే ఉంటాడు. రాజుగారి ఆఖరి ప్రసంగం కదా.

ఇక ఒకటే దారి. మేస్త్రి తన చేతి తొడుగు తీసేశాడు. అరచెయ్యి వాడి నోటి మీద అదిమి మూశాడు. ముక్కు వదిలేశాడు.

వాణ్ణి ఇంతసేపూ ఇటువైపు పట్టి ఉంచింది ఆ మాటే. ఇప్పుడు దాన్ని తన చేత్తోనే నొక్కేశాడు.

బావమరిది కళ్ళు పూర్తిగా తెరిచాడు. అందులో భయం లేదు, కోపం ఉంది. మంత్రి ద్రోహం చేశాడు. తల అటూ ఇటూ విదిలించాడు. మేస్త్రి వదల్లేదు. అప్పుడు వాడు కొరికాడు.

పళ్ళు అరచేతి కండలో దిగాయి. మేస్త్రికి కేక గొంతు దాకా వచ్చింది. దాన్ని అక్కడే మింగాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పిన్ని రెండు చేతులతో వాడి తల కదలకుండా పట్టుకుంది. కొరుకు, కొరుకు, ఎంత గట్టిగా కొరికితే అంత మంచిది అని మేస్త్రి మనసులోనే బతిమాలుకున్నాడు. కొరుకుతున్నంతసేపు వాడు ఉన్నట్టు.

ఫ్యాన్లు తిరుగుతున్నాయి. తాత గ్లాసులో టీ ఎంత ఉందో. నిండుగా ఉందేమో. అసలు ఇవాళ టీ పోసుకున్నాడో లేదో. కథ ఇక్కడ ఆగిందంటే ఏదో పెద్ద మలుపు రాబోతోందని ఊపిరి బిగబట్టి కూర్చున్నాడేమో.

పళ్ళ పట్టు సడలింది.

మేస్త్రి అరచేతిని ఇంకా లోపలికి తోశాడు. కొరకరా, అని కళ్ళతో అడిగాడు. దవడ వదులైపోయింది. అరచేతి మీద తగులుతున్న ఊపిరి ఉందో లేదో తెలియనంత సన్నగా ఉంది. నోటి మీదనుంచి చెయ్యి తీసి, పేరు పెట్టి పిలవాలని, ఇంకో చెంపదెబ్బ కొట్టాలని, గట్టిగా ఏడవాలని ఒళ్ళంతా పెనుగులాడింది. ఒక్క చప్పుడు చేస్తే తాత మళ్ళీ కుర్చీలో వాలిపోతాడు. మళ్ళీ మొదటినుంచి ఎదురుచూడాలి. మళ్ళీ ఎదురుచూసే వ్యవధి వీడి దగ్గర లేదు.

చెయ్యి తీయలేదు. కళ్ళు మూసుకున్నాడు.

బయట గడియ కిర్రుమంది.

వేడిగాలి ముఖానికి కొట్టింది. తలుపులో తాత నిలబడి ఉన్నాడు. "ఏంట్రా, ఆపేశారు? ఈసారి కూడా వేళాకోళమైతే..." అంటూ కిందికి చూశాడు. చేతిలో గ్లాసు జారి పగిలింది.

ఆసుపత్రి వరండాలో మేస్త్రి భార్య పరుగులాంటి నడకతో వచ్చేసరికి, అతను బెంచీ మీద దుప్పటి కప్పుకుని కూర్చుని ఉన్నాడు. ఒక పక్క పిన్ని. ఇంకో చివర తాత, తల మోకాళ్ళ మధ్య పెట్టుకుని. గాజు తలుపు అవతల డాక్టర్లు ఇంకా బయటికి రాలేదు. ఊపిరి ఉందని మాత్రం బండిలో చెప్పారు. అంతకన్నా ఏమీ చెప్పలేదు.

"నా తమ్ముడేడి?" అంది.

"లోపల."

ఆమె అతని చేతికి చుట్టిన గుడ్డ చూసింది. నెత్తురు పైకి ఊరింది. "ఇదేంటి?"

"వాడే కొరికాడు."

"వాడెందుకు కొరుకుతాడు?"

మేస్త్రి చెప్పాడు. ఏదీ దాచలేదు. వాడు మాట్లాడుతూ ఉన్నాడని, మాట ఆగితే పోతాడని తెలిసీ తనే వాడి నోరు మూశానని చెప్పాడు. వాడు తన వైపు ఎలా చూశాడో కూడా చెప్పాడు. మధ్యలో పిన్ని ఏదో అనబోతే చేత్తో ఆపాడు.

ఆమె భర్త పక్కన కూర్చోలేదు, వెళ్ళిపోలేదు. గాజు తలుపు వైపు చూస్తూ నిలబడింది.

"వాడికేమన్నా అయితే నీ మొహం చూడలేను" అంది చివరికి. "నువ్వు చేసింది తప్పని కాదు. అయినా చూడలేను."

"నాకు తెలుసు" అన్నాడు మేస్త్రి.

తాత తల ఎత్తాడు. "తప్పు నాదమ్మా. నేను కథ అనుకున్నాను. మహా బాగుందనుకున్నాను" అన్నాడు.

కిటికీలోంచి పడుతున్న ఎండ బెంచీ దాటి గోడ దాకా పోయింది. లోపల ఏదో యంత్రం కూస్తోంది, ఆగుతోంది, మళ్ళీ కూస్తోంది. ఆగినప్పుడల్లా పిన్ని మేస్త్రి మోచెయ్యి పట్టుకుంటోంది.

గాజు తలుపు తెరుచుకుంది. నర్సు బయటికి వచ్చి నలుగురి ముఖాలూ అనుమానంగా చూసింది.

"ఇక్కడ మంత్రిగారంటే ఎవరండీ?"

పిన్ని మేస్త్రి మోచెయ్యి వదిలేసింది.

"ఆయనకి స్పృహ వచ్చింది. సెలైన్ పెట్టనివ్వడం లేదు. ముందు మంత్రిని పట్టుకొచ్చి ఉరి తీయమంటున్నాడు."

భార్య తిరిగి మేస్త్రి వైపు చూసింది. అతను గోడ పట్టుకుని లేచాడు.

"నేనేనమ్మా" అన్నాడు.